కార్డు మీద పేరు

రాజకీయాలు వంటింటి గడప దాటి లోపలికి రాకూడదని మా ఇంట్లో ఒక నియమం. పెట్టినదాన్నీ నేనే, పాటించేదాన్నీ నేనే. హాలు సంగతి నా చేతిలో లేదు. అది మా వారి రాజ్యం. సహకార శాఖలో ముప్ఫై నాలుగేళ్లు ఉద్యోగం చేసి, ఎవరి మాటతోనూ సహకరించకుండా రిటైరైన మనిషి ఆయన. పొద్దున్న కాఫీతో మొదలైన వాదన రాత్రి మజ్జిగన్నం దగ్గర కూడా తెగదు. ఎదుట మనిషి ఉండాలనైనా లేదు. టీవీలో వార్తలు చదివే అమ్మాయి ఉన్నా చాలు.

సాయంత్రం అయిదున్నర అయ్యేసరికి ఆ వాదన మెట్లు దిగి కిందికి వెళుతుంది. మా అపార్ట్‌మెంటు గేటు పక్కన వేపచెట్టు కింద రెండు సిమెంటు బెంచీలున్నాయి. వాటి మీద రోజూ శాసనసభ కొలువు తీరుతుంది. మూడో అంతస్తు ఇంజనీరు గారు, రెండో అంతస్తు లెక్చరరు గారు, కూకట్‌పల్లి నుంచి వారానికి మూడుసార్లు బస్సెక్కి మరీ వచ్చే మా మరిది, మా వారు. అందరూ రిటైరైనవాళ్లే. మాట ఎక్కడ మొదలైనా చివరికి వైద్యం దగ్గరికే చేరుతుంది. మోకాళ్లు అలాంటివి మరి.

వైద్యం అంటే జబ్బుల గురించి మాట్లాడుకుంటారని అనుకునేరు. అబ్బే, ఎవరు ఇచ్చారన్నదే వాళ్ల గొడవ. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైందనీ, రాజశేఖరరెడ్డి గారు స్వయంగా డాక్టరు కాబట్టి ఆయనకే ఆ ఆలోచన తట్టిందనీ లెక్చరరు గారు. వైద్యానికి ప్రత్యేకంగా విశ్వవిద్యాలయం ఉండాలని 1986లోనే విజయవాడలో పెట్టింది ఎన్టీ రామారావు గారు కాదా అని మా వారు. ఇదంతా పాత చింతకాయ పచ్చడి, 2018లో మోడీ గారు ఆయుష్మాన్ భారత్ తెచ్చి కుటుంబానికి ఏడాదికి అయిదు లక్షలంటే, తెలంగాణ 2021 దాకా అందులో ఎందుకు చేరలేదో చెప్పమని మా మరిది. ఇంజనీరు గారు అందరి మాటా ఒక్క దెబ్బతో కొట్టేస్తారు. ఆ డబ్బు కార్పొరేట్ ఆసుపత్రులకు పోసే బదులు పల్లెల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల మీద పెడితే సగం మందికి ఆపరేషన్ల దాకా రానే రాదంటారు. ఆ మాటలో సబబుందనే నాకనిపిస్తుంది. ఆయన మోకాలి ఆపరేషను మాత్రం కార్పొరేట్ ఆసుపత్రిలోనే అయింది, అది వేరే సంగతి.

ఒకరోజు 108 బండి ఎవరిదని పేచీ వచ్చింది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో దాన్ని మొదలుపెట్టింది సత్యం రామలింగరాజు గారి సంస్థ అని ఒకరు, ఊరూరికీ పంపించింది ప్రభుత్వం కాదా అని మరొకరు. వాదన రసకందాయంలో ఉండగా నిజంగానే ఒక 108 బండి మోత పెట్టుకుంటూ మా వీధిలోకి వచ్చింది. మా గేటు ముందు అడ్డంగా ఆపిన కారు ఎవరిదో తేలడానికి అయిదు నిమిషాలు పట్టింది.

చాన్నాళ్లుగా వింటున్నాను కనుక నాకొక కిటుకు తెలిసింది. మనిషి ఏ పార్టీయో కనుక్కోవాలంటే ఓటు ఎవరికి వేశావని అడగనక్కర్లేదు. పథకాన్ని ఏ పేరుతో పిలుస్తాడో వింటే చాలు. తెనాలిలో మా పుట్టింటి వైపు చూడండి. 2014 తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆరోగ్యశ్రీని ఎన్టీఆర్ వైద్యసేవ అంది. 2019లో వచ్చినవాళ్లు వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అన్నారు. 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. విజయవాడ విశ్వవిద్యాలయానికి ఎన్టీఆర్ పేరుండేది, 2022లో అది తీసి వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో ఇది తీసి మళ్లీ అదే పెట్టారు. ఏ పార్టీ వచ్చినా చల్లగా ఉన్నవాడు బోర్డులు రాసే పెయింటరు ఒక్కడే.

ఈ పేర్ల జబ్బు మనవాళ్లకే ఉందనుకునేదాన్ని, 2017లో అమెరికా వెళ్లేదాకా.

అన్నట్టు, మణికొండలో ఉన్నవాళ్లకి అమెరికా ఏమంత దూరం కాదు. మేం 2009లో ఫ్లాటు కొనుక్కుని వచ్చేటప్పటికి ఇది పంచాయతీ. ఒకపక్క లాంకో హిల్స్ మేడలు లేస్తుంటే, ఇంకోపక్క గేదెలు తీరిగ్గా రోడ్డు దాటేవి. ఇప్పుడు గేదెలు లేవు గాని రోడ్డు దాటడం అప్పటికంటే ఆలస్యమవుతోంది. 2023 మార్చిలో అమెరికా కాన్సులేటు కూడా బేగంపేట పైగా ప్యాలెస్ వదిలి మా పక్కనున్న నానక్‌రామ్‌గూడకు వచ్చేసింది. ఇక్కడ కూరగాయల బండి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు కలిస్తే మీ పిల్లలెక్కడ అని అడగరు, ఏ స్టేటు అని అడుగుతారు. మాది టెక్సాసు. ఇద్దరమ్మాయిలూ డల్లాసు దగ్గరే.

ఆ ఏడాది మే నెలలో బయల్దేరాం. ఒక పెట్టెలో ఆవకాయ, గోంగూర, కందిపొడి. రెండో పెట్టెలో ఆరు నెలలకు సరిపడా మా ఇద్దరి మాత్రలు, డాక్టరు చీటీతో సహా. పిల్లల్ని చూడబోయే తలిదండ్రుల కోసమని ప్రత్యేకంగా ఒక ఇన్సూరెన్సు అమ్ముతారు. మా పెద్దల్లుడు అది కొని కాగితాలు నా చేతికిచ్చాడు. నాకు చదివే దురలవాటుంది. ముందే ఉన్న జబ్బులకు ఇది వర్తించదు అని ఒక మూల చీమతలకాయంత అక్షరాలతో వేశారు.

"నాకు పదిహేనేళ్లుగా బీపీ ఉంది కదా బాబూ. దానివల్ల ఏమన్నా వస్తే?" అన్నాను.

"అలాంటివేం రావులెండి అత్తయ్యగారూ" అన్నాడు.

అంటే రానివాటికి ఇన్సూరెన్సు ఉంది, వచ్చేవాటికి లేదు. మంచి ఏర్పాటే అనుకుని కాగితాలు మాత్రల పెట్టెలో పెట్టుకున్నాను.

మా అల్లుళ్లిద్దరూ బంగారం లాంటి మనుషులు. ఒకే గదిలో టీవీ లేకపోతే. మేం వెళ్లేటప్పటికి ఆ దేశమంతా ఒకటే గోల. ఒబామా 2010 మార్చి 23న సంతకం పెట్టిన వైద్య చట్టాన్ని తీసేస్తామని ట్రంపు గారు చెప్పి గెలిచాడు, తీసెయ్యాలని ఆయన పార్టీ, ఉంచాలని వీళ్ల పార్టీ. పెద్దల్లుడు దాన్ని పళ్లు బిగించి 'ఒబామాకేర్' అంటాడు. చిన్నల్లుడు మర్యాదగా 'అఫర్డబుల్ కేర్ యాక్ట్' అంటాడు. రెండూ ఒకటేనని తెలియక, ఒబామాకేర్ పోవాలి, ఆ రెండోది ఉండాలి అనే అమెరికన్లు కూడా ఉన్నారట. ఆ సంగతి విని నా ప్రాణం కాస్త కుదుటపడింది. మనమొక్కళ్లమే కాదన్నమాట.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఇద్దరి కోపంలోనూ నిజముంది. పెద్దల్లుడు ఉద్యోగం మానుకుని సొంతంగా చిన్న కంపెనీ పెట్టుకున్నాడు. ఇన్సూరెన్సు తనే కొనుక్కోవాలి. ప్రభుత్వ సాయం అందడానికి ఆదాయం ఓ పిసరు ఎక్కువ. ఏటా ప్రీమియం పెరుగుతుంది. అంత కట్టినా, మొదట కొన్ని వేల డాలర్లు తన జేబులోంచి ఖర్చయ్యేదాకా కంపెనీవాడు కదలడు. పోనీ అసలు కొనకుండా ఊరుకుందామంటే, కొననివాళ్లకు జుల్మానా. ఆ జుల్మానా 2019 నుంచి సున్నా అయింది గాని, అప్పటికింకా ఉంది. సంసారం చేసుకునేవాడికి కడుపు మండదా మరి?

చిన్నల్లుడి కథ వేరు. మా చిన్న మనవరాలు 2012లో ఏడో నెలలోనే పుట్టింది. గుప్పెడంత పిల్ల. రెండు నెలలు గాజు పెట్టెలో ఉంది. ఆసుపత్రి బిల్లు చూసి అంకెలు కుడినుంచి ఎడమకు లెక్కపెట్టుకుంటూ వెళ్లామని మా చిన్నమ్మాయి చెప్పింది. ఒబామా చట్టానికి ముందు, ఒక మనిషికి జీవితకాలమంతా కలిపి ఇంతకు మించి ఇవ్వమని ఇన్సూరెన్సు కంపెనీలు హద్దు పెట్టుకునేవి. ఆ హద్దు ఈ చట్టంతో పోయింది. లేకపోతే మా బుజ్జిముండ రెండు నెలల వయసుకే తన జన్మ కోటా అంతా వాడేసుకుని ఉండేదేమో. అందుకని ఆ చట్టం మీద ఈగ వాలినా చిన్నల్లుడు ఊరుకోడు. వీసా మీద ఉన్నాడు, అక్కడ ఓటు లేదు. అయినా గొంతు మాత్రం ఆయనదే పెద్దది.

మా వారికి ఇంతకంటే స్వర్గం ఏముంటుంది? పొద్దున్నే పెద్దల్లుడి పక్షం, సాయంత్రం చిన్నల్లుడి పక్షం. మధ్యాహ్నం లైబ్రరీ నుంచి పుస్తకాలు. ముసలివాళ్ల కోసం మెడికేర్ చట్టాన్ని 1965 జూలై 30న ప్రెసిడెంటు జాన్సన్ సంతకం చేశాడట. అది కూడా వాషింగ్టన్లో కాదు, మిస్సోరీ రాష్ట్రంలో మాజీ ప్రెసిడెంటు ట్రూమన్ ఊరికి వెళ్లి. మొదటి కార్డు ట్రూమన్‌కు, రెండో కార్డు ఆయన భార్య బెస్సుకు ఇచ్చారట. రెండోదైతేనేం, ఆవిడ పేరు మీద ఆవిడకొకటి ఉంది కదా అని సంతోషించాను. మా పాత రేషను కార్డులో నా వయసు మా అత్తగారి వయసుకంటే ఎక్కువ వేశారు. ఆవిడ బతికున్నన్నాళ్లూ నన్ను దెప్పడానికి అదొకటి దొరికింది.

జూలై 27వ తేదీ రాత్రి అందరూ పెద్దమ్మాయి ఇంట్లో చేరారు. సెనేటులో ఓటింగు. చట్టానికి గండి కొట్టే బిల్లు నెగ్గుతుందా లేదా అని నిద్రలు మానుకుని కూర్చున్నారు. పదకొండింటికి పకోడీలు వేయించి పెట్టాను. పన్నెండింటికి టీ. గిన్నెలు సర్దుతుంటే రొమ్ము మీద ఎవరో రుబ్బురోలు పొత్రం పెట్టినట్టయింది. ఎడమ జబ్బ లాగడం మొదలుపెట్టింది. ఒళ్లంతా చెమట. గట్టు పట్టుకుని మెల్లిగా కింద కూర్చున్నాను.

నవ్వకండి. ఆ క్షణంలో నాకు ముందు గుర్తొచ్చింది ఇన్సూరెన్సు కాగితం, తర్వాతే వెంకటేశ్వరస్వామి. 911 నొక్కితే ఆంబులెన్సు గుమ్మంలోకి వస్తుంది, దాని వెనకే బిల్లు వస్తుంది. గాజు పెట్టె బిల్లు చిన్నమ్మాయి లెక్కపెట్టినట్టు పెద్దమ్మాయి నా బిల్లు లెక్కపెడుతున్నట్టు కళ్లకు కట్టింది. ఇల్లు కొని రెండేళ్లు కాలేదు వాళ్లు. కాసేపు చూద్దాం, గ్యాసేమో అనుకున్నాను. గ్యాసు కాదని నాకు తెలుసు.

హాల్లో ఒక్కసారిగా కేకలు. మెదడులో కంతి ఉందని ఆ నెలలోనే తెలిసిన మెకెయిన్ అనే ముసలి సెనేటరు, కంటి మీద కోత గుర్తుతో వచ్చి, సొంత పార్టీకి ఎదురు తిరిగి బొటనవేలు కిందికి చూపించాడట. "నలభై తొమ్మిది, యాభై ఒకటి!" అని మా వారు మైకు లేకుండానే ప్రకటించారు. చిన్నల్లుడు ఈల వేశాడు. పెద్దల్లుడు రిమోటు విసిరేసిన చప్పుడు వినిపించింది. ఆ పార్టీలోనే ఇద్దరు ఆడవాళ్లు, సూసన్ కాలిన్స్, లీసా మర్కౌస్కీ, మొదట్నుంచీ కాదంటూనే నిలబడ్డారనీ, ఆ ముగ్గురిలో ఏ ఒక్కరు అటు తిరిగినా బిల్లు నెగ్గేదనీ నాకు తర్వాత తెలిసింది. ఈనాటికీ అందరికీ గుర్తున్నది ఆ మగాయన బొటనవేలే.

మంచినీళ్లకని పెద్దమ్మాయి వంటింట్లోకి వచ్చింది.

"అదేంటమ్మా, కింద కూర్చున్నావు?"

"చల్లగా ఉందే" అన్నాను.

తెల్లవారేసరికి బరువు దిగింది. నేనెవరికీ చెప్పలేదు. సెప్టెంబరులో తిరిగొచ్చాక రెండంతస్తులు ఎక్కితే ఆయాసం వస్తోందని ఇక్కడ డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇది ఎప్పుడో వచ్చి వెళ్లిందమ్మా, మచ్చ మిగిలింది. గుర్తుందా ఎప్పుడో?" అన్నాడు. పక్కన మా వారున్నారు. గుర్తులేదండీ అన్నాను.

ఒక స్టెంటు వేశారు. మా వారి పెన్షనరు కార్డు చూపిస్తే కౌంటరులో అబ్బాయి దాన్ని పెళ్లిశుభలేఖ చూసినట్టు చూసి తిరిగిచ్చాడు. మా డబ్బే కట్టుకున్నాం. అయితే అప్పటికి ఏడు నెలల ముందే, 2017 ఫిబ్రవరిలో, కేంద్రం స్టెంట్ల ధరకు హద్దు పెట్టింది. మందు పూసిన రకం 29,600 రూపాయలు. అంతకుముందు లక్ష పైమాటే. ఆ తేడా మాకు బాగానే కలిసొచ్చింది. మర్నాడు నన్ను చూడ్డానికి యాపిల్ పళ్లతో వచ్చిన మా మరిది, "అంతా మోడీ గారి పుణ్యం వదినా" అన్నాడు. "ఢిల్లీ హైకోర్టులో ఒక వకీలు దావా వేస్తే కదరా కదిలింది!" అని మా వారు మంచానికి ఇవతల నుంచి లేచారు. మధ్యలో నేను, సెలైన్ సీసాతో. నా గుండెలో ఉన్నది ఎవరి స్టెంటో తేలకుండానే డిశ్చార్జి అయ్యాను.

ఇక యాదమ్మ సంగతి. మా ఇంట్లో ఎనిమిదేళ్లుగా పనిచేస్తోంది. మక్తల్ దగ్గర పల్లెటూరు. మొగుడు కట్టడం పనుల్లో కూలి. మా బిల్డింగులో అయిదిళ్లు చేస్తుంది. పనివాళ్లు లిఫ్టు వాడరాదు అని కింద ఒక బోర్డుంది. ప్రజలందరికీ సమానమైన వైద్యం ఉండాలని రోజూ బెంచీ మీద తీర్మానించే పెద్దమనుషులే ఆ బోర్డునూ తీర్మానించారు. మా వారి సంతకమూ ఉంది దాని మీద. మాది నాలుగో అంతస్తు.

2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. 9వ తేదీన కొత్త ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు ఆరోగ్యశ్రీని అయిదు లక్షల నుంచి పది లక్షలకు పెంచారు. మళ్లీ రాజీవ్ పేరు ముందుకొచ్చింది. ఇక బెంచీల మీద యుద్ధమే. పది లక్షలు ఎక్కడినుంచి తెస్తారని ఒకరు, తెచ్చి చూపించాం కదా అని ఒకరు, అసలు అయిదు చేసింది ఎవరని ఒకరు. మా బాల్కనీలోకి అంతా స్పష్టంగా వినిపిస్తోంది.

ఆ వారంలోనే ఓ పొద్దున్న నేను వంటింట్లోకి వెళితే యాదమ్మ గట్టుకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. చెయ్యి రొమ్ము మీద ఆనించుకుంది.

"ఏమే, కింద కూర్చున్నావ్?"

"చల్లగున్నదమ్మా" అంది.

డిసెంబరు నెల. నేను స్వెట్టరు వేసుకుని ఉన్నాను.

నేనూ పక్కన చతికిలబడ్డాను. డల్లాసు వంటింటి సంగతి నేను మొట్టమొదట చెప్పుకుంది యాదమ్మకే. మా వారికీ, మా అమ్మాయిలకూ ఇదిగో, ఇది అచ్చయి వాళ్లు చదివితేనే తెలుస్తుంది. అంతా విని, "మరి బిడ్డకన్న చెప్పొద్దా అమ్మా? గట్ల దాసుకుంటే సస్తరు" అని నన్నే కోప్పడింది. అప్పుడు అడిగాను, నువ్వెన్నాళ్ల నుంచి దాస్తున్నావని. బతుకమ్మ పండగ ముందునుంచట. మెట్ల మీద ప్రతి అంతస్తులోనూ ఆగి వస్తోందట. "చెప్తే పనిల నుంచి తీసేస్తరు గదమ్మా. దవాఖానకు పోతే పైసలు యాడికెల్లి తేవాలె?"

"ఆరోగ్యశ్రీ ఉంది కదే?"

"ఏమోనమ్మా. కార్డుల నా పేరు సక్కగ లేదన్నరు."

పెద్ద సర్కారు ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. చిన్నప్పుడు కీళ్ల వాపుతో జ్వరం వచ్చిందా అని అడిగారు. వచ్చిందట. ఆ జ్వరమే గుండెలో ఒక కవాటాన్ని సన్నబరిచింది, ఇరవై ఏళ్ల తర్వాత ఇలా బయటపడుతుందన్నారు. కాలి దగ్గర రక్తనాళంలోంచి తీగ పంపి, బుడగ ఊది, ఆ కవాటాన్ని వెడల్పు చేస్తారట. ఖర్చు ఆరోగ్యశ్రీలో వస్తుంది. ముందు ట్రస్టు నుంచి అనుమతి రావాలి, దానికి కార్డు కావాలి. ఆరోగ్యమిత్ర అని అక్కడ ఒక చిన్నపిల్ల కూర్చుంటుంది, సాయం చేయడానికి. కార్డు వివరాలు చూసి, తలెత్తి యాదమ్మను చూసి, మళ్లీ తెర చూసింది.

"ఇందులో యాదయ్య అని ఉందమ్మా. పురుషుడు."

అత్తగారి పేర ఉన్న ఊరి కార్డది. పేరు ఎక్కించినవాడెవడో ఒక్క అక్షరం మార్చి దీన్ని మగాణ్ణి చేసేశాడు. బియ్యానికి ఆడ మగ తేడా లేదు కనుక ఇన్నేళ్లూ ఎవరికీ పట్టలేదు. గుండెకు పట్టింది. కొత్త కార్డు తీసుకుందామంటే, ప్రజాపాలన పేరిట డిసెంబరు 28 నుంచి జనవరి 6 దాకా అర్జీలు తీసుకున్నారు, అదీ పెట్టాం. ఆ కొత్త కార్డులు 2025లో గాని రాలేదు. యాదమ్మ కవాటం అందాకా ఆగదు.

ఆ రాత్రి నా నియమాన్ని నేనే మీరాను. కంచంలో అన్నం పెట్టి, "రాజశేఖరరెడ్డి గారిదో, రేవంత్ రెడ్డి గారిదో నాకు తెలియదు. ముప్ఫై నాలుగేళ్లు కాగితాలు రాశారు కదా, యాదయ్యను యాదమ్మ చేసే కాగితం ఒకటి రాసిపెట్టండి" అన్నాను. ఆయన ఏదో అనబోయి, నా మొహం చూసి ఆగిపోయారు.

రాయడమే కాదు, యాదమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకుని తెల్లారుజామున బస్సెక్కి మండలాఫీసుకు వెళ్లారు. రెండుసార్లు వెళ్లారు. రెండోసారి వచ్చి, కాళ్లు కడుక్కుని, టీవీ పెట్టకుండా కూర్చున్నారు. పనయిందన్నారు. కాసేపాగి, "అక్కడ వరండాలో నలభై మంది దాకా ఉన్నారోయ్, ఇలాంటి కాగితాలే పట్టుకుని. కొందరి చేతుల్లో ఎక్స్‌రే కవర్లు కూడా ఉన్నాయి. వాళ్ల వెంట ఎవరూ రాలేదు" అన్నారు. రెండ్రోజులు బెంచీ దగ్గరికి దిగలేదు. ఇంజనీరు గారు ఫోను చేసి ఒంట్లో బాగాలేదా అని అడిగారు.

2024 ఫిబ్రవరిలో యాదమ్మకు బుడగ వేశారు. మూడోరోజున ఇంటికి పంపేశారు. బస్సు ఖర్చులూ టిఫిన్లూ తప్ప పైసా పడలేదు. ఎవరిచ్చినా సరే, ఆ మాట మాత్రం చెప్పుకోవాలి. పడిందల్లా పనికి. నెలన్నర రాలేకపోయేసరికి అయిదిళ్లలో రెండిళ్లు వేరే మనిషిని పెట్టేసుకున్నాయి.

మెట్లు ఎక్కకూడదని డాక్టరు రాసిచ్చిన చీటీ నేను అసోసియేషను మీటింగులో పెట్టాను. రెండు గంటల చర్చ. ఒకరికిస్తే అందరూ అడుగుతారన్నారు. లిఫ్టు తాడు అరుగుతుందన్నారు. చివరికి ఆ బోర్డు కింద 'ఆరోగ్య కారణములు మినహా' అని స్కెచ్ పెన్నుతో రాశారు. రాసింది మా వారే. దస్తూరి బాగుంటుందని.

మొన్న 2025 అక్టోబరులో పెద్దమ్మాయి ఫోను చేసింది. వచ్చే వేసవికి రమ్మని. వెనకాల అల్లుళ్ల గొంతులు వినిపిస్తున్నాయి. మళ్లీ అదే తగవు. 2021లో బైడెన్ హయాంలో పెంచిన ఇన్సూరెన్సు సాయం ఏడాది చివరికి అయిపోతోంది, పొడిగించాలని ఒక పార్టీ, కుదరదని ఒక పార్టీ, అక్టోబరు 1 నుంచి ప్రభుత్వమే మూతపడింది. అది మొత్తం 43 రోజులు సాగింది. ఆ సాయం ఇన్నేళ్లూ మా పెద్దల్లుడికీ అందింది. అందుకుంటూనే ఒబామాకేర్ దండగంటాడు. చిన్నల్లుడికి ఇంకా ఓటు రాలేదు, గొంతు తగ్గలేదు. వెళితే ఈసారి ఇన్సూరెన్సు ఫారంలో ఉన్న జబ్బులన్నీ నా చేత్తోనే రాస్తానని మా అమ్మాయికి చెప్పాను. ఎందుకమ్మా అలా అంటున్నావంది. చదువుతావులే అన్నాను.

ఇల్లు తుడుస్తున్న యాదమ్మ ఫోనులో కేకలకు చెయ్యాపి విన్నది.

"అల్లుల్లు కొట్లాడుతుండ్రా అమ్మా?"

"దవాఖానల గురించేనే."

"గంత పెద్ద దేశంల గూడనా?" అని ఆశ్చర్యపోయింది. "కార్డుల పేరు తప్పు పడ్డదా?"

"తప్పు పడలేదు. ఎవరి పేరుండాలని కొట్లాట."

"గట్లనా? నా పేరు రాయుమనుండ్రి, తెగిపోతది" అని బకెట్టు అందుకుని లిఫ్టు వైపు నడిచింది.